తెరిచిన కోడ్, తాళం వేసిన సంభాషణ

వెబ్ బ్రౌజర్ అంటే ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి సమాచారం తెచ్చి, పేజీగా అమర్చి, తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా మధ్యలో ఉండేది అదే. బ్యాంకు పాస్‌వర్డ్ టైప్ చేసేది అందులోనే. రోజంతా ఏయే పేజీలు చదివారో, ఏం వెతికారో, ఏం కొన్నారో దానికి తెలుసు. ఎదురుగా ఉన్న సైట్ అసలుదో నకిలీదో వినియోగదారు తరఫున తేల్చేదీ అదే. మనిషి ఇంత నమ్మకం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతోందో బయటివారు చూసి పరీక్షించే వీలుండాలి. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ బ్రౌజర్లు ఈ అవసరాన్ని తీరుస్తాయి. ఆన్‌లైన్ భద్రత, ఇంటర్నెట్ స్వేచ్ఛ అనే రెండు పెద్ద విషయాలూ చివరికి ఈ పరీక్షించే హక్కు దగ్గరికే వస్తాయి.

బ్రౌజర్ లోపల ఏముంటుంది?

అడ్రసు పట్టీలో సైట్ పేరు టైప్ చేయగానే బ్రౌజర్ ముందుగా ఆ పేరుకు సంబంధించిన సంఖ్యారూప చిరునామాను కనుక్కుంటుంది. పేర్లను చిరునామాలుగా మార్చే ఈ వ్యవస్థే డీఎన్ఎస్. తర్వాత సర్వర్‌తో సంబంధం కలుపుకొని, అది నిజంగా ఆ సైట్‌దేనా అని సరిచూసి, రహస్య సంభాషణకు కావలసిన తాళాలు కుదుర్చుకుంటుంది. ఆపైన పేజీ వస్తుంది. ఆ పేజీని చదివి అక్షరాలు, బొమ్మలు, రంగులు ఎక్కడ ఎలా ఉండాలో నిర్ణయించే భాగాన్ని ఇంజిన్ అంటారు. పేజీతో పాటు వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపించేదీ బ్రౌజరే. అంటే ముక్కూమొహం తెలియనివారు రాసిన ప్రోగ్రాములు ప్రతి పేజీతోనూ మన కంప్యూటర్‌లోకి వచ్చి నడుస్తాయి. భద్రత విషయంలో బ్రౌజర్ మీద ఇంత బాధ్యత ఉండటానికి ఇదే కారణం.

బజారులో బ్రౌజర్ల పేర్లు చాలా వినిపించినా, విస్తృతంగా వాడుకలో ఉన్న ఇంజిన్లు మాత్రం మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్ నడిచేది బ్లింక్ మీద. ఆపిల్ వారి సఫారీ నడిచేది వెబ్‌కిట్ మీద. ఫైర్‌ఫాక్స్‌కూ, దాని మీద కట్టిన టోర్ బ్రౌజర్‌కూ ఆధారం గెకో. ఈ మూడు ఇంజిన్లూ ఓపెన్ సోర్సే. వాటి సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, లైసెన్సు షరతులకు లోబడి మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు.

అయితే ఇంజిన్ తెరిచి ఉన్నంత మాత్రాన బ్రౌజర్ మొత్తం తెరిచి ఉన్నట్టు కాదు. ఫైర్‌ఫాక్స్ పూర్తిగా ఓపెన్ సోర్స్. గూగుల్ విడుదల చేసే క్రోమియం కూడా అంతే. కానీ కోట్లమంది వాడే క్రోమ్ అనేది క్రోమియానికి గూగుల్ తన సొంత భాగాలను కొన్నింటిని జోడించి ఇచ్చే ఉత్పత్తి. సఫారీలో ఇంజిన్ తెరిచి ఉన్నా, దాని చుట్టూ ఉన్న అప్లికేషన్ మూసే ఉంది.

నెట్‌స్కేప్ నుంచి ఫైర్‌ఫాక్స్ దాకా

మొదటి బ్రౌజర్‌ను 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. వెబ్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా పోవడానికి పునాది ఆ నిర్ణయమే. అదే ఏడాది అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకడైన మార్క్ ఆండ్రీసన్ మరుసటి ఏడాది జిమ్ క్లార్క్‌తో కలిసి నెట్‌స్కేప్ సంస్థను స్థాపించాడు. సైట్లు మనిషిని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్లో దాచే చిన్న గుర్తులైన కుకీలు, జావాస్క్రిప్ట్, సంభాషణను గుప్తంగా ఉంచే ఎస్ఎస్ఎల్ పద్ధతి, ఈ మూడూ నెట్‌స్కేప్‌లో 1994, 1995ల్లో పుట్టినవే.

1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే బ్రౌజర్ ముందు, డబ్బుకు అమ్ముకునే బ్రౌజర్ నిలవలేకపోయింది. 1998 మేలో అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్య దావా వేశాయి. అప్పటికే నెట్‌స్కేప్ ఒక సాహసం చేసింది. తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను బయటపెడతానని 1998 జనవరిలో ప్రకటించి, మార్చి 31న అన్నంత పనీ చేసింది. ఆ పనిని నడిపించడానికి ఏర్పడిన బృందమే మొజిల్లా. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు కూడా ఆ ప్రకటన తర్వాత కొద్ది రోజులకే, 1998 ఫిబ్రవరిలో జరిగిన ఒక సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ సూచనతో వాడుకలోకి వచ్చింది.

నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ కొనుక్కుంది. కొన్నేళ్లకు ఆ పనిని వదులుకుంటూ 2003 జులైలో 20 లక్షల డాలర్ల విరాళం ఇచ్చి, మొజిల్లా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పాటుకు తోడ్పడింది. ఆ సమయానికి వెబ్‌లో తొంభై శాతానికి పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌దే. 2001లో ఆరో వెర్షన్ వచ్చాక 2006 దాకా మైక్రోసాఫ్ట్ కొత్త వెర్షన్ విడుదల చేయలేదు. పోటీ లేనిచోట మెరుగుపడాల్సిన అవసరమూ కనిపించదు. భద్రతా లోపాలు మాత్రం వరసపెట్టి బయటపడ్డాయి. 2004 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం యూఎస్-సర్ట్, ఒక తీవ్రమైన లోపం నుంచి కాచుకునే మార్గాల్లో వేరే బ్రౌజర్ వాడటాన్ని కూడా సూచించింది.

2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చింది. దాని ప్రచారానికి వేలాదిమంది అభిమానులు చందాలు వేసుకున్నారు. ఆ డబ్బుతో న్యూయార్క్ టైమ్స్‌లో తమ పేర్లన్నీ అచ్చయిన రెండు పేజీల ప్రకటన ఇచ్చారు. ఏడాది తిరగకముందే డౌన్‌లోడ్లు 10 కోట్లు దాటాయి. ఒకే తెరలో పలు ట్యాబులు, అనవసరపు విండోలను అడ్డుకోవడం, ఎవరైనా రాసి జతచేసుకోగల పొడిగింపులు జనాన్ని ఆకట్టుకున్నాయి. 2009, 2010 నాటికి ప్రపంచంలో ఇంచుమించు మూడోవంతు వెబ్ వాడకం ఫైర్‌ఫాక్స్‌లో జరిగేది.

ఒకే బ్రౌజర్ మీద ఆధారపడితే ఏమవుతుందో దక్షిణ కొరియా అనుభవం చెబుతుంది. అక్కడ ఆన్‌లైన్ లావాదేవీల భద్రత కోసం ప్రత్యేక ఎన్‌క్రిప్షన్ పద్ధతినీ, ప్రభుత్వ గుర్తింపున్న డిజిటల్ సర్టిఫికెట్లనూ తెచ్చారు. అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే సాంకేతికత అయిన యాక్టివ్‌ఎక్స్ మీద ఆధారపడటంతో, వేరే బ్రౌజర్‌లో బ్యాంకు పని గానీ కొనుగోళ్లు గానీ సాగని పరిస్థితి ఏళ్ల తరబడి కొనసాగింది. ఆ సర్టిఫికెట్లకున్న ప్రత్యేక హోదా 2020 డిసెంబర్‌లో గానీ రద్దు కాలేదు.

తెలుగు పాఠకులకూ ఆ రోజులతో సంబంధం ఉంది. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి తన సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంట్లు పేజీతో పాటు దిగి కనిపించే ఏర్పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితం. మిగతా బ్రౌజర్లలో తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వచ్చేవి. ఆ అక్షరాలు అన్ని భాషలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో లేకపోవడంతో సెర్చ్ ఇంజిన్లకూ అందేవి కావు. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే పొడిగింపు తయారుచేశాడు. పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని అది అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. బ్రౌజర్ కంపెనీ అనుమతి కోసం గానీ, పత్రికల సహకారం కోసం గానీ ఎదురుచూడాల్సిన పని లేకుండా ఒక భాషవారు తమ ఇబ్బందిని తామే తీర్చుకున్నారు. ఫైర్‌ఫాక్స్ మెనూలు, సందేశాలు తెలుగులో దొరుకుతున్నాయన్నా అది స్వచ్ఛందంగా అనువదించినవారి చలవే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు విద్యార్థుల్లోకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావనను తీసుకువెళ్లాయి.

స్వచ్ఛంద కోడ్ నుంచి క్రోమ్ దాకా

మొజిల్లా కథకు సమాంతరంగా మరో పాయ నడిచింది. కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం 1998లో తమ కాంకరర్ బ్రౌజర్ కోసం కేహెచ్‌టీఎంఎల్ అనే చిన్న, చురుకైన ఇంజిన్ రాయడం మొదలుపెట్టింది. ఆపిల్ దాన్ని తీసుకొని వెబ్‌కిట్‌గా మలిచి, 2003 జనవరిలో సఫారీని ప్రకటించింది. మూలకోడ్ లైసెన్సు ప్రకారం మార్పులను తిరిగి పంచుకోవాలి గనుక వెబ్‌కిట్ కూడా తెరిచే ఉంది. 2008 సెప్టెంబర్‌లో గూగుల్ అదే వెబ్‌కిట్ మీద క్రోమ్‌ను కట్టింది. 2013లో దాన్నుంచి చీలి బ్లింక్‌ను ఏర్పరచుకుంది. చివరికి మైక్రోసాఫ్ట్ కూడా తన సొంత ఇంజిన్ వదిలేసి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ను విడుదల చేసింది. 2022 జూన్ 15తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ముగిసింది. ఇవాళ ప్రపంచంలో అత్యధికులు వాడే బ్రౌజర్ల వంశవృక్షం మొదట్లో ఉన్నది కొందరు స్వచ్ఛందంగా రాసి పంచిన కోడ్.

తాళం పడిన సంభాషణ

వెబ్ మొదటి రోజుల్లో బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య మాటలన్నీ బహిరంగంగానే సాగేవి. దారిలో ఉన్న ఏ కంప్యూటరైనా వాటిని చదవగలిగేది, మార్చగలిగేది. నెట్‌స్కేప్ తెచ్చిన ఎస్ఎస్ఎల్ తర్వాత టీఎల్ఎస్‌గా మారి, 2018లో 1.3 వెర్షన్‌కు చేరింది. సైట్ అడ్రసు ముందు కనిపించే హెచ్‌టీటీపీఎస్ ఈ తాళానికి గుర్తు. కానీ 2010 దాకా చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఇలా కాపాడి, మిగతాదంతా బాహాటంగా వదిలేసేవి. ఆ ఏడాది అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు విడుదల చేసి ఈ నిర్లక్ష్యాన్ని బట్టబయలు చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కవారి కుకీలను పట్టుకొని, ఒక్క క్లిక్కుతో వారి ఖాతాలోకి జొరబడవచ్చని అది చూపించింది. తర్వాతి మూడేళ్లలో పెద్ద సోషల్ మీడియా సైట్లు పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌లోకి మారాయి. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన అమెరికా ప్రభుత్వ నిఘా పత్రాలు ఆ మార్పును మరింత తొందరపెట్టాయి.

చిన్న సైట్లకు అడ్డంకి డబ్బు. సైట్ ఫలానావారిదే అని ధ్రువీకరించే సర్టిఫికెట్‌ను కొనుక్కోవాల్సి వచ్చేది, ఏటా మార్చుకోవాల్సి వచ్చేది. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిచిగన్ విశ్వవిద్యాలయం తదితరులు కలిసి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవను 2014 నవంబర్‌లో ప్రకటించి, 2015 డిసెంబర్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. సర్టిఫికెట్ ఉచితం. దాన్ని తెచ్చుకోవడం, మార్చుకోవడం అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. 2020 ఫిబ్రవరి నాటికి ఆ సంస్థ 100 కోట్ల సర్టిఫికెట్లు జారీచేసింది. 2017 జూన్‌లో 58 శాతం పేజీలు హెచ్‌టీటీపీఎస్‌లో తెరుచుకుంటే, అప్పటికి అది 81 శాతానికి పెరిగింది.

సర్టిఫికెట్ల మీద నమ్మకం ఎవరిది?

గెజిటెడ్ అధికారి సంతకం చూసి కార్యాలయాలు నకలు పత్రాన్ని నమ్మినట్టే, బ్రౌజర్ కూడా సర్టిఫికెట్ సంస్థ సంతకం చూసి సైట్‌ను నమ్ముతుంది. ఏయే సంస్థల సంతకం చెల్లుతుందో చెప్పే జాబితా బ్రౌజర్‌లో గానీ ఆపరేటింగ్ సిస్టంలో గానీ ముందే ఉంటుంది. ఆ జాబితాలోని ఏ ఒక్క సంస్థ తప్పు చేసినా, దొంగల చేతికి చిక్కినా, ప్రపంచంలోని ఏ సైట్ పేరుతోనైనా నకిలీ సర్టిఫికెట్ పుట్టవచ్చు.

2011లో అదే జరిగింది. నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి 500కు పైగా నకిలీ సర్టిఫికెట్లు తయారుచేశారు. అందులో గూగుల్ సైట్లన్నింటికీ చెల్లే సర్టిఫికెట్ ఒకటి. దాని సాయంతో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవారి సంభాషణలను మధ్యలో పట్టి చదివారు. అక్కడి సుమారు 3 లక్షల ఐపీ అడ్రసులు దాని బారిన పడ్డాయని దర్యాప్తు చేసిన ఫాక్స్-ఐటీ సంస్థ తేల్చింది. ఇది బయటపడింది ఒక ఇరాన్ వినియోగదారు వల్ల. గూగుల్ సైట్లకు ఏ సర్టిఫికెట్లు సరైనవో క్రోమ్‌లో ముందే రాసిపెట్టి ఉండటంతో అతనికి హెచ్చరిక కనిపించింది. మొజిల్లా, గూగుల్, మైక్రోసాఫ్ట్ డిజినోటార్‌ను తమ జాబితాల నుంచి తీసేశాయి. ఆ ఏడాదే సంస్థ దివాలా తీసింది.

భారతదేశంలోనూ ఇలాంటి సంఘటన జరిగింది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నుంచి గూగుల్ సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ కనిపెట్టింది. వాటి జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని దేశ సర్టిఫికెట్ నియంత్రణాధికారి దర్యాప్తులో తేలింది. ఆ సంతకాలను విండోస్ జాబితా నమ్మేది. ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితా ఉంచుకుంటుంది, అందులో భారత ప్రభుత్వ మూల సర్టిఫికెట్ లేదు. అందువల్ల దాన్ని వాడేవారికి ఆ ముప్పు తగల్లేదు. కొత్త సంస్థను జాబితాలో చేర్చే ముందు మొజిల్లా బహిరంగ చర్చ జరుపుతుంది, ఆడిట్ నివేదికలు అడుగుతుంది. ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

ఈ అనుభవాల నుంచి ‘సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ’ అనే పద్ధతి రూపుదిద్దుకుంది. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ చెరపడానికి వీల్లేని బహిరంగ చిట్టాలో నమోదు చేయాలన్నది దీని సారాంశం. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన వాటికి క్రోమ్ దీన్ని తప్పనిసరి చేసింది. తన సైట్ పేరిట ఎవరైనా దొంగ సర్టిఫికెట్ పుట్టించారేమో ఏ యజమాని అయినా ఇప్పుడు చిట్టా చూసి తెలుసుకోవచ్చు.

ప్రభుత్వాలే ఈ నమ్మకాన్ని వంచాలని చూసిన సందర్భాలూ ఉన్నాయి. 2019 జులైలో కజకిస్తాన్‌లో ఇంటర్నెట్ వాడేవారు ప్రభుత్వ సర్టిఫికెట్‌ను తమ పరికరాల్లో పెట్టుకోవాలని సూచనలు వెళ్లాయి. అది ఉంటే హెచ్‌టీటీపీఎస్ సంభాషణను కూడా మధ్యలో విప్పి చదవవచ్చు. ఆగస్టు 21న మొజిల్లా, గూగుల్, ఆపిల్ ఆ సర్టిఫికెట్‌ను తమ బ్రౌజర్లలో పనిచేయకుండా నిలిపివేశాయి. కోట్లమంది భద్రత బ్రౌజర్ తయారీదారుల నిర్ణయం మీద ఎంతగా ఆధారపడి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

లోపలి కట్టుదిట్టాలు

బయటి ప్రోగ్రాములను నడిపించక తప్పదు గనుక బ్రౌజర్ వాటిని కట్టడి చేసి నడిపిస్తుంది. క్రోమ్ మొదటి నుంచీ పేజీలను వేర్వేరు ప్రక్రియల్లో, కంప్యూటర్‌లోని ఫైళ్లు నేరుగా అందకుండా నడిపించింది. దీన్నే శాండ్‌బాక్స్ అంటారు. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక ఒక్కో సైట్‌ను ఒక్కో ప్రక్రియలో విడిగా ఉంచడం మొదలైంది. ఫైర్‌ఫాక్స్ కూడా ఆ దారిలోకే వచ్చింది.

క్రోమియంలో బయటపడిన తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతానికి మూలం మెమరీని తప్పుగా వాడటమేనని ఆ బృందం లెక్కగట్టింది. సీ++ భాషలో ఇలాంటి తప్పులు సులువుగా దొర్లుతాయి. ఈ జబ్బుకు వేరు దగ్గరే మందు వేయాలని మొజిల్లా రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషకు అండగా నిలిచింది. గ్రేడన్ హోర్ సొంతంగా మొదలుపెట్టిన ఆ భాష 2015 మే 15న మొదటి స్థిర వెర్షన్‌కు చేరింది. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ క్వాంటంలో పేజీ రూపురేఖలు లెక్కగట్టే భాగాన్ని అందులోనే రాశారు. ఇవాళ లినక్స్, ఆండ్రాయిడ్, విండోస్ కూడా రస్ట్ వాడుతున్నాయి. ఒక బ్రౌజర్ కోసం పెంచిన పనిముట్టు సాఫ్ట్‌వేర్ లోకానికంతా అక్కరకు వచ్చింది.

వెంటాడే కళ్లు

దారిలో దొంగల నుంచి కాపాడటం ఒక ఎత్తు, సైట్లే జరిపే నిఘా నుంచి కాపాడటం మరో ఎత్తు. కుకీ అసలు ఉద్దేశం మంచిదే. కొనుగోలు బుట్టలో ఏముందో సైట్ గుర్తుపెట్టుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కానీ వేలాది సైట్లలో ఒకే ప్రకటనల సంస్థ కోడ్ ఉన్నప్పుడు, ఆ సంస్థ కుకీ మనిషిని సైట్ నుంచి సైట్‌కు వెంటాడుతుంది. సఫారీ 2017లో దీనికి పగ్గాలు వేయడం మొదలుపెట్టింది. ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబర్ నుంచి తెలిసిన ట్రాకర్ల కుకీలను ఆపేసి, 2022 జూన్‌లో ఏ సైట్ కుకీలు ఆ సైట్‌కే పరిమితమయ్యే ఏర్పాటును అందరికీ అమలుచేసింది. ఇలా వెంటాడే మూడో పక్షం కుకీలను ఎత్తేస్తామని 2020లో చెప్పిన గూగుల్ 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. గూగుల్ రాబడిలో సింహభాగం ప్రకటనలదే. కోడ్ తెరిచి ఉన్నా, ఏది ముందు రావాలో, ఏది రాకూడదో నిర్ణయించేది దాన్ని నడిపే సంస్థ. ఆ సంస్థ ప్రయోజనం దేనితో ముడిపడి ఉందో కూడా అందుకే చూడాలి.

టోర్: చిరునామా దాచే దారి

హెచ్‌టీటీపీఎస్ సంభాషణను దాస్తుంది గానీ, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నది దాచలేదు. ఆ పనికోసం అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల మధ్యలో ఆనియన్ రూటింగ్ అనే పద్ధతిని రూపొందించారు. దాని ఆధారంగా 2002లో టోర్ నెట్‌వర్క్ మొదలైంది. 2006లో టోర్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. టోర్ బ్రౌజర్‌లో ప్రతి సందేశం పొరలు పొరలుగా గుప్తమై, స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే మూడు కంప్యూటర్ల గుండా వెళుతుంది. మొదటిదానికి పంపినవారు తెలుసు, గమ్యం తెలియదు. చివరిదానికి గమ్యం తెలుసు, పంపినవారు తెలియదు. పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు, నిర్బంధంలో బతికేవారు దీన్ని ఆశ్రయిస్తారు. నేరగాళ్లూ వాడుకుంటారు. 2021 డిసెంబర్‌లో రష్యా టోర్ సైట్‌ను నిషేధించింది.

టోర్ బ్రౌజర్‌కు మూలం ఫైర్‌ఫాక్స్ కోడ్. టోర్ బృందం చేసిన గోప్యతా మార్పుల్లో కొన్ని తిరిగి ఫైర్‌ఫాక్స్‌లోకి చేరాయి. కోడ్ మూసి ఉంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఉండేది కాదు. అయితే టోర్‌లోనూ సొంత పేరుతో లాగిన్ అయితే గోప్యత పోయినట్టే. నెమ్మదిగా నడవడం దాని మరో పరిమితి.

భారతదేశంలో ఇంటర్నెట్ స్వేచ్ఛ

బ్రౌజర్ ఎంత మంచిదైనా, దాని దాకా వచ్చే దారి మరొకరి చేతిలో ఉంటుంది. 2015లో కొన్ని సైట్లకు మాత్రమే డేటా ఖర్చు లేకుండా చేసే పథకాలు వచ్చినప్పుడు, దారి నడిపేవారు గమ్యాల మధ్య తేడా చూపకూడదని, అంటే నెట్ న్యూట్రాలిటీ కావాలని దేశంలో పెద్ద ఉద్యమం లేచింది. ‘సేవ్ ది ఇంటర్నెట్’ ప్రచారం ద్వారా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు 10 లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. దాంతో ఫేస్‌బుక్ తెచ్చిన ఫ్రీ బేసిక్స్ ఇక్కడ ఆగిపోయింది. 2018 జులైలో ప్రభుత్వం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది.

న్యాయస్థానాలూ కీలకమైన తీర్పులిచ్చాయి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో నిరవధికంగా ఇంటర్నెట్ నిలిపివేయడం చెల్లదని, నిలుపుదల ఉత్తర్వులను ప్రచురించాలని ఆదేశించింది. ఇంటర్నెట్టే ఆపేసినచోట ఏ బ్రౌజరూ ఏమీ చేయలేదు. అక్కడ రక్షణ చట్టం నుంచే రావాలి.

సైట్ల వారీ నిషేధం విషయంలో మాత్రం సాంకేతికతకు పాత్ర ఉంది. హెచ్‌టీటీపీఎస్‌లో సంభాషణ గుప్తమే అయినా, ఏ సైట్‌కు వెళుతున్నారన్న పేరు డీఎన్ఎస్ ప్రశ్నలోనూ, సర్వర్‌తో మొదటి పలకరింపులోనూ బయటపడేది. దాన్ని చూసే ఇంటర్నెట్ సంస్థలు సైట్లను అడ్డుకోగలవు, చరిత్ర నమోదు చేయగలవు. డీఎన్ఎస్ ప్రశ్నను కూడా గుప్తంగా పంపే పద్ధతి, మొదటి పలకరింపులో పేరు దాచే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో ఇప్పుడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండింటిలోనూ ఉన్నాయి.

తెరిచిన కోడ్‌కు ఉన్న పరిమితులు

కోడ్ అందరికీ కనిపించడం వేరు, ఎవరైనా శ్రద్ధగా చదవడం వేరు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అందుకు సాక్ష్యం. లక్షలాది సర్వర్లు తాళాల కోసం ఆధారపడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో అది రెండేళ్లుగా ఉంది. ప్రపంచమంతా వాడుకుంటున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను అప్పట్లో పోషిస్తున్నది అతికొద్దిమంది, అరకొర నిధులతో. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఇలాంటి మౌలిక సాఫ్ట్‌వేర్‌కు నిధులు సమకూర్చడం మొదలుపెట్టాయి.

రెండో పరిమితి డబ్బు. ఫైర్‌ఫాక్స్‌లో ముందుగా కనిపించే సెర్చ్ ఇంజిన్‌గా ఉండటానికి గూగుల్ ఇచ్చే సొమ్మే మొజిల్లా రాబడిలో ఎక్కువ భాగం. పోటీదారు డబ్బుతో పోటీ నిలబడటం చాలా బలహీనమైన ఏర్పాటు. 2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా సెర్చ్ రంగంలో గూగుల్‌ది అక్రమ గుత్తాధిపత్యమని తీర్పిచ్చాడు. 2025 సెప్టెంబర్‌లో పరిష్కారాలు ప్రకటిస్తూ, క్రోమ్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ కోరికను తోసిపుచ్చాడు. ప్రత్యేక ఒప్పందాలను నిషేధించినా చెల్లింపులను పూర్తిగా ఆపలేదు.

మూడోది ఇంజిన్ల కొరత. బ్లింక్ ఒక్కటే మిగిలితే, అది ఓపెన్ సోర్సే అయినా, వెబ్ ప్రమాణాలను శాసించేది ఒక్క సంస్థే అవుతుంది. ఒక లోపం అందరినీ ఒకేసారి తాకుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలంలో తగిలిన దెబ్బే మరో రూపంలో తిరిగి రావచ్చు. అందుకే భద్రతకు కోడ్ తెరిచి ఉండటం ఎంత అవసరమో, ఒకటికి మించిన ఇంజిన్లు బతికి ఉండటమూ అంతే అవసరం.

వాడేవారి చేతిలో ఉన్నవి

బ్రౌజర్ అప్‌డేట్లను వాయిదా వేయకూడదు. చాలా దాడులు అప్పటికే సరిదిద్దిన లోపాలను పట్టుకొనే జరుగుతాయి. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు దాటేసి ముందుకు వెళ్లకూడదు. ఎక్కడినుంచో వచ్చిన సర్టిఫికెట్‌ను పరికరంలో చేర్చుకోకూడదు. హెచ్‌టీటీపీఎస్ ఉన్నంత మాత్రాన సైట్ నిజాయితీగలదని కాదు, మోసగాళ్ల సైట్లకూ ఉచిత సర్టిఫికెట్లు దొరుకుతాయి. అందుకని బ్యాంకు సైట్ పేరును అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. పొడిగింపులకు పేజీల్లోని సమస్తాన్నీ చదివే అధికారం ఉండవచ్చు గనుక, అవసరమైనవే, నమ్మదగినవారివే ఉంచుకోవాలి. ఇన్‌కాగ్నిటో లేదా ప్రైవేట్ విండో చరిత్రను ఆ పరికరంలో మిగల్చదు, అంతే. ఇంటర్నెట్ సంస్థకు, ఆఫీసు నెట్‌వర్క్‌కు, చూసిన సైట్‌కు అది ఏదీ దాచదు. సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్ మాత్రమే అన్న ఎంపిక, ట్రాకర్ల నిరోధం ఉన్నాయేమో చూసి పెట్టుకోవాలి.

వీలైనవారు రెండు వేర్వేరు ఇంజిన్ల బ్రౌజర్లు వాడటం మంచిది. సైట్లు తయారుచేసేవారు, ముఖ్యంగా ప్రభుత్వ సేవల సైట్లు నడిపేవారు, అన్ని ఇంజిన్లలోనూ పరీక్షించి చూడాలి. తెలుగులో అనువదించడం, లోపాలు కనిపిస్తే నివేదించడం, విరాళం ఇవ్వడం కూడా ఓపెన్ సోర్స్‌లో పాలుపంచుకోవడమే. పరీక్షించే హక్కు కాగితం మీద అందరికీ ఉంది. దాన్ని వాడేవారు ఉన్నంతకాలమే ఆ హక్కు భద్రతనూ స్వేచ్ఛనూ కాపాడుతుంది.